మా ఇంట్లో మూడు తరాల స్కౌటింగ్... "లాభమేంటి?" అన్న బావగారికి ఏం చెప్పను?

వాల్తేరు_వాసు

మొన్న శనివారం మా అమ్మాయికి రాజ్య పురస్కార్ (స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రాష్ట్ర స్థాయి అవార్డు) సర్టిఫికెట్ చేతికొచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. మా ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మా నాన్నగారు వాల్తేరు రైల్వే కాలనీ ట్రూప్‌లో పెరిగిన మనిషి. ఉద్యోగం కూడా రైల్వేలోనే. డ్యూటీ దిగగానే స్కౌట్ యూనిఫాం వేసుకుని, కాలనీ పిల్లల్ని పోగేసుకుని గ్రౌండుకి పోయేవారు. తాడు ముడి వేయడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దీనికి ముందు మెట్టు తృతీయ సోపాన్ దాకా వచ్చి, ఇంటర్లో చేరాక ఆపేశాను. ఇప్పుడు అమ్మాయి నన్ను దాటేసింది. మూడో తరం!

ఆ సాయంత్రం నాన్నగారు పాత స్కార్ఫ్ బయటికి తీయించి, ఇస్త్రీ చేయించి, మెళ్ళో వేసుకుని వరండాలో కూర్చున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఎడం చెయ్యి చాపి షేక్‌హ్యాండ్. పాలు పోసే కుర్రాడితో సహా. వాడు బిత్తరపోయి రెండు చేతులూ ఇచ్చేశాడు.

అంతా బానే ఉంది. రాత్రి భోజనానికి మా బావగారు (మా ఆవిడ అన్నయ్య) వచ్చారు. సర్టిఫికెట్ ముందూ వెనకా తిప్పి చూసి, "బానే ఉంది గానీ వాసూ, దీనివల్ల లాభమేంటి? సీటుకేమైనా పనికొస్తుందా?" అన్నారు. అన్నం కలుపుతున్న నాన్నగారి చెయ్యి ఆగిపోయింది. నాకేమో నోట మాట రాలేదు. పైగా "వచ్చే ఏడు టెన్త్, ఈ క్యాంపులూ అవీ పెట్టుకోకండి" అని వెళ్ళేటప్పుడు ఇంకో ముక్క వేసి వెళ్ళారు. దీని పై మెట్టు రాష్ట్రపతి అవార్డుకి వెళ్ళాలంటే టెన్త్‌లోనే ఆ టెస్టింగులూ గట్రా.

ఇక్కడ స్కౌట్లు, గైడ్లు (ఆడపిల్లలైతే గైడ్లు) చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు కదా. ఇలా అడిగితే మీరేం చెప్తారు?

కంచరపాలెం_కుర్రోడు

పాలబ్బాయి దగ్గర నవ్వాపుకోలేకపోనాను. తాతగారికి ఎడం చేత్తో సెల్యూట్!

రిటైర్డ్_గార్డు

సెల్యూట్ కుడి చేత్తోనే బాబూ, మూడు వేళ్ళు కలిపి. ఎడం చెయ్యి షేక్‌హ్యాండ్‌కి మాత్రమే.

కంచరపాలెం_కుర్రోడు

మొదటి పోస్టుకే క్లాసు పడిపోనాది.

గాజువాక_లెక్కల_మాస్టారు

బావగారి మీద అందరూ పడకముందే ఒక మాట. ఆయన అడిగింది తప్పు కాదు. మన ఊళ్ళో ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సంటూ పిల్లల్ని కూర్చోబెడుతున్నారు. ఆదివారం కూడా టెస్టు. మేనమామ కాబట్టి కంగారుపడ్డాడు, అంతే.

సీటు సంగతంటారా, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్పెషల్ కేటగిరీ సర్టిఫికెట్లు చూసేటప్పుడు ఎన్‌సీసీ, స్పోర్ట్స్ పక్కన స్కౌట్స్ అండ్ గైడ్స్ కూడా ఉంటుంది. బహు కొద్ది సీట్లు. ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకోవాలి. దాన్ని నమ్ముకుని లెక్కలు మానేస్తే మాత్రం నేనొప్పుకోను.

ఉక్కునగరం_ఉష

వాసుగారూ, పాపకి శుభాకాంక్షలు. ముందు ఆ మాట చెప్పేవాళ్ళే లేరు, అందరూ సీట్ల మీద పడ్డారు.

రాజ్య పురస్కార్ అంటే ఎవరికో తోచి ఇచ్చే మెమెంటో కాదు. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ... ఒక్కో మెట్టుకీ నెలల తరబడి గడువు. ప్రొఫిషియన్సీ బ్యాడ్జీలు, లాగ్ బుక్కు, టెస్టింగ్ క్యాంపు. ఆ క్యాంపులో పరీక్షించేవాళ్ళు మన స్కూలు వాళ్ళు కారు. మూడేళ్ళు ఒకే పని పట్టుకుని వదలకుండా చేసిన పిల్ల అని అర్థం. మా ఇంట్లో మూడు నెలలు ఒక పని చేసినవాళ్ళు లేరు, నాతో కలిపి.

వాల్తేరు_వాసు

థాంక్స్ ఉషగారూ. టెస్టింగ్ క్యాంపులో దీన్ని బోలైన్ ముడి వెయ్యమన్నారట, అదీ కళ్ళు మూసుకుని. నాన్నగారు ఆ ముచ్చట ఇప్పటికి వీధంతా చెప్పేశారు.

రిటైర్డ్_గార్డు

ఉద్యోగం మాట కూడా చెప్పండి మీ బావగారికి. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉంది. రాష్ట్రపతి అవార్డు గానీ హిమాలయ వుడ్ బ్యాడ్జ్ (స్కౌట్ మాస్టర్ల శిక్షణకిచ్చే బ్యాడ్జి) గానీ ఉండాలి, యూనిట్‌లో యాక్టివ్‌గా ఉండాలి, జాతీయ స్థాయి కార్యక్రమాలకి వెళ్ళి ఉండాలి. పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఉన్నమాట ఉన్నట్టు చెప్తున్నా, దాని కోసమని ఎవరూ చేరకూడదు.

రైల్వే స్కౌటింగ్ సంగతి ఈతరం వాళ్ళకి తెలీదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఒక్కో రైల్వే జోన్ ఒక్కో రాష్ట్రం లెక్క. మాది అప్పట్లో సౌత్ ఈస్టర్న్, హెడ్‌క్వార్టర్ కలకత్తా గార్డెన్‌రీచ్. 2003లో ఈస్ట్ కోస్ట్ వచ్చాక భువనేశ్వర్ అయింది. మా రోజుల్లో జోన్ ర్యాలీ అంటే ఖరగ్‌పూర్, ఆద్రా, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ కుర్రాళ్ళంతా ఒక మైదానంలో దిగేవారు. తెలుగు, ఒరియా, బెంగాలీ, హిందీ కలిపి కొట్టేవాళ్ళం. మా ప్యాట్రోల్ (ట్రూప్‌లో చిన్న జట్టు) లీడరు చక్రధర్‌పూర్ వాడు, వాడికి పప్పులో చింతపండు వేస్తామంటే కోపం. మాకేమో వాడు వండే కిచిడీలో ఉప్పే ఉండదు. చివరికి కోర్ట్ ఆఫ్ ఆనర్ పెట్టి తేల్చాం: ఒక పూట వాడి వంట, ఒక పూట మాది. పదమూడేళ్ళ వెధవలం, ఓ పెద్దమనిషి లేకుండా మీటింగు పెట్టుకుని తీర్మానం రాసుకున్నాం! ఉద్యోగంలో యూనియన్ మీటింగులు చాలా చూశాను గానీ అంత మర్యాదగా జరిగినది ఒక్కటీ లేదు.

వాసూ, మీ నాన్నగారు దొండపర్తి వైపు గ్రౌండులో నేర్పేవారా? పేరు ఇక్కడ వద్దులే. నాకు తెలిసినవారే అయి ఉండాలి.

వాల్తేరు_వాసు

అవునండీ, ఆ గ్రౌండే. విజిల్ వేస్తే స్టేషన్ దాకా వినిపించేదనేవారు.

రిటైర్డ్_గార్డు

ఆయనే. నేను గార్డుని, నా విజిల్ కంటే ఆయన విజిలే గట్టిది.

హేతువాది_వైజాగ్

ఉత్సవంలో ఒక అపశ్రుతి, క్షమించాలి. ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టింది బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాధికారి. మన దేశంలో 1909లో బెంగుళూరులో మొదలైనప్పుడు భారతీయ పిల్లల్ని చేర్చుకోలేదు, తెల్లవాళ్ళ పిల్లలకీ ఆంగ్లో ఇండియన్లకీ మాత్రమే. ఇప్పటికీ దేవుడి పట్ల కర్తవ్యం అని ప్రమాణం చేయిస్తారు. ఇందులో మూడు తరాలు గర్వపడటానికి ఏముందో నాకర్థం కాలేదు.

కంచరపాలెం_కుర్రోడు

వచ్చీసారు.

రిటైర్డ్_గార్డు

హేతువాది గారూ, సగం చెప్పి వదిలేస్తే ఎలా? మనవాళ్ళని రానివ్వలేదు కాబట్టే 1916లో మద్రాసులో అనీబిసెంట్, అరండేల్ కలిసి భారతీయ పిల్లలకి వేరే సంఘం పెట్టారు. మన జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. అలహాబాదులో మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌట్లని పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న ఈ ముక్కలన్నీ కలిపి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ చేశారు, మరుసటి ఏడు ఆగస్టు 15న గైడ్స్ కూడా వచ్చి కలిశారు. తలుపు వేసేస్తే మనవాళ్ళు పక్కన ఇల్లు కట్టుకున్నారు. గర్వం అందుకు.

ప్రమాణంలో దేవుడు అనడం ఇష్టం లేకపోతే ధర్మం అనొచ్చు, ఆ వెసులుబాటు పుస్తకంలోనే ఉంది. క్యాంపులో ప్రార్థన కూడా సర్వధర్మ ప్రార్థనే.

హేతువాది_వైజాగ్

ధర్మం అనొచ్చని నాకు తెలీదు. ఆ మేరకు ఒప్పుకుంటున్నాను. సైన్యాధికారి సంగతి అలాగే ఉంది.

ఎన్‌సీసీ_సెయిలర్

స్కౌట్ కంటే ఎన్‌సీసీ బెటర్ బాసూ. డ్రిల్, ఫైరింగ్, మా నేవల్ వింగ్ అయితే బోట్ పుల్లింగ్. సీ సర్టిఫికెట్ ఉంటే ఆఫీసర్ ఎంట్రీకి రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకి పోవచ్చు. బావగారు అడిగిన లాభం ఇదీ. తాడు ముడులు వేసుకుంటూ కూర్చుంటే ఏమొస్తది?

ఉక్కునగరం_ఉష

ఎన్‌సీసీ జూనియర్ డివిజన్ ఎనిమిదో తరగతి నుంచి. స్కౌట్, గైడ్ పదేళ్ళకే. కబ్, బుల్‌బుల్ (చిన్నపిల్లల విభాగాలు) అయితే ఇంకా ముందే. అటు వెళ్ళినవాళ్ళలో చాలామంది ఇటు నుంచి వెళ్ళినవాళ్ళే. రెండూ కొట్టుకోవాల్సిన పన్లేదు. అయినా నేవీ మనిషివై ఉండి ముడుల్ని వెక్కిరిస్తావా తమ్ముడూ?

ఎన్‌సీసీ_సెయిలర్

అక్కా పాయింటు పట్టేశావ్. మాకూ మొదటి క్లాసు రీఫ్ నాట్, క్లోవ్ హిచ్చే. మాట వెనక్కి తీసుకున్నా. ఫైరింగ్ మాత్రం మాదే.

డల్లాస్_ప్రసాద్

సీతమ్మధార కుర్రాణ్ణి, ఇప్పుడు డల్లాస్. ఇక్కడ మన తెలుగు ఇళ్ళల్లో సీన్ పూర్తిగా ఉల్టా. "ఏం లాభం" అని ఎవరూ అడగరు, ఎందుకంటే అందరికీ లాభం కోసమే కావాలి. ఈగిల్ స్కౌట్ (ఇక్కడి స్కౌట్లలో అన్నిటికంటే పై ర్యాంకు) అని కాలేజీ అప్లికేషన్లో ఒక లైను పడుతుందని. 21 మెరిట్ బ్యాడ్జీలు, ఒక సర్వీస్ ప్రాజెక్టు, పద్దెనిమిదేళ్ళు నిండే లోపు అయిపోవాలి. పదిహేడో పుట్టినరోజు దాటగానే ఇళ్ళల్లో యుద్ధ వాతావరణం.

పార్కులో బెంచీ కట్టే ప్రాజెక్టని పేరు. చెక్క కొనేది నాన్న, కోసేది నాన్న, మేకు కొట్టేది నాన్న, ఫోటోలో సుత్తి పట్టుకునేది పిల్లాడు. నేనూ కోశాను చెక్కలు, దాచుకోవడం దేనికి. తర్వాత ఆడిటోరియంలో ఫంక్షన్, సమోసాలు, చీరలు, మావాడి కంటే నాకే ఎక్కువ కంగ్రాట్స్. న్యాయమే కదా.

కంచరపాలెం_కుర్రోడు

బ్యాడ్జి మీ చొక్కాకి కుట్టించుకోవాల్సింది ప్రసాద్ గారూ.

డల్లాస్_ప్రసాద్

నిజంగానే పేరెంట్ పిన్ను ఇస్తారు తమ్ముడూ. మా ఆవిడ పెట్టుకుంది. నాకిచ్చింది ఎక్కడో పారేశాను.

గాజువాక_లెక్కల_మాస్టారు

అంటే లాభం చూపిస్తే తల్లిదండ్రులే ముందు నిలబడతారు. మన ఊళ్ళో లాభం కనబడక పిల్లలు మిగిలారు. ఇదే నయం.

పెదవాల్తేరు_పద్మ

వాసుగారూ, పాపకి అభినందనలు. ఒక చిన్న అనుమానం. నాన్నగారు, మీరు, మీ అమ్మాయి, మూడు తరాలన్నారు. మీ తరంలో మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా?

వాల్తేరు_వాసు

చెల్లెలుంది. తనూ స్కూల్లో గైడే. ప్రథమ, ద్వితీయ సోపాన్ అయ్యాయి. తర్వాత క్యాంపులకి బయట ఊళ్ళు వెళ్ళాలి కదా, పంపలేదు. ఆ రోజుల్లో అంతే కదండీ.

పెదవాల్తేరు_పద్మ

పంపనిది స్కౌట్ మాస్టారే కదా.

కంచరపాలెం_కుర్రోడు

ఓర్నాయనో.

పెదవాల్తేరు_పద్మ

వెక్కిరించడానికి అనలేదు. కాలనీ పిల్లలందర్నీ రైలెక్కించి ర్యాలీలకి తీసుకెళ్ళిన మనిషి, ఆ పిల్లల తల్లులందరికీ "నేనున్నాను కదమ్మా" అని చెప్పి ఉంటారు. సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి ఆ మాట పనిచెయ్యలేదు. మీ అమ్మాయి మిమ్మల్ని దాటింది అని రాశారు. తను దాటింది మిమ్మల్ని కాదండీ, వాళ్ళ అత్తని ఆపేసిన గేటుని.

రిటైర్డ్_గార్డు

అమ్మా, కొంచెం ఆగు. ఆ రోజుల్లో ర్యాలీ అంటే రెండు రాత్రుళ్ళు జనరల్ బోగీలో ప్రయాణం. దిగాక స్కూలు వరండాల్లో పడక. ఆడపిల్లల్ని తీసుకెళ్ళడానికి గైడ్ కెప్టెన్ ఉండాలి, మా కాలనీలో ఒక్కావిడ ఉండేది, ఆవిడకి బదిలీ అయితే కంపెనీయే, అంటే గైడ్ల యూనిట్టే, మూతపడింది. ఆయన ఒక్కడి చేతిలో ఉన్నది కాదు. నేను కళ్ళారా చూశాను.

ఉక్కునగరం_ఉష

గార్డు గారూ, కెప్టెన్ లేకపోవడం నిజమే. కానీ మా స్కూల్లో కెప్టెన్ ఉంది, బస్సు ఉంది, వెళ్ళేది అరకు దాకానే. అయినా మా నాన్న ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆ కాగితం బల్ల మీద నాలుగు రోజులు ఉంది. అమ్మ దాని మీద పోపులడబ్బా పెట్టింది ఎగిరిపోకుండా. మా అన్నయ్య అదే నెలలో స్నేహితులతో బొర్రా గుహలు చూసొచ్చాడు. వాడికి కాగితమూ లేదు, సంతకమూ లేదు.

నేను సంప్రదాయం అనే మాట వినగానే ఇంట్లో ఎవరి చేత సంతకం పెట్టించారో అడుగుతాను. అలవాటైపోయింది.

హేతువాది_వైజాగ్

పద్మగారు, ఉషగారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

కంచరపాలెం_కుర్రోడు

హేతువాది గారు ఏకీభవించారు, స్క్రీన్‌షాట్ తీసుకోండి ఎవరైనా.

పెదవాల్తేరు_పద్మ

గార్డు గారూ, కెప్టెన్ లేదన్నారు, ఒప్పుకుంటాను. కానీ మీరు చరిత్ర చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. 1909లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల ర్యాలీ జరిగితే, పిలవకుండానే కొందరు ఆడపిల్లలు యూనిఫాం లాంటిది వేసుకుని వచ్చి మేమూ స్కౌట్లమే అన్నారు. ఆ తర్వాతే గైడ్స్ అని పెట్టారు. 1911కి మన దేశంలో జబల్‌పూర్‌లో మొదటి కంపెనీ వచ్చింది. మీరు తెల్లవాళ్ళు తలుపు వేసేస్తే మనవాళ్ళు పక్కన ఇల్లు కట్టుకున్నారని గర్వంగా రాశారు. ఆడపిల్లలూ అదే చేశారండీ. అదీ లెక్కలోకి తీసుకోండి.

రిటైర్డ్_గార్డు

తీసుకున్నాను తల్లీ. మాట బాగుంది.

డల్లాస్_ప్రసాద్

అమెరికాలో బాయ్ స్కౌట్స్ ట్రూపుల్లోకి ఆడపిల్లల్ని తీసుకున్నది 2019లో. పేరే మార్చి స్కౌటింగ్ అమెరికా అన్నారు 2025లో. ఈ ఒక్క విషయంలో జబల్‌పూర్ చాలా ముందుంది.

గాజువాక_లెక్కల_మాస్టారు

అందరూ అందరి గురించీ మాట్లాడారు. ఆ పిల్లనెవరైనా అడిగారా? రాష్ట్రపతి అవార్డుకి వెళ్ళాలని తనకుందా, తాతగారికుందా? వాసూ, తిన్నగా చెప్పు.

వాల్తేరు_వాసు

తిన్నగా అంటే... నాన్నగారు గోడ మీద ఫ్రేముకి చోటు కొలిచి మేకు కూడా కొట్టించారు. అమ్మాయినడిగితే "చూద్దాం నాన్నా" అంటుంది. దానికి పయనీరింగ్ అంటే పిచ్చి. కర్రలు, తాళ్ళు ఇస్తే చెప్పుల స్టాండు, గిన్నెల స్టాండు, టవరు, ఏదైనా కట్టేస్తుంది. మా డాబా మీద బట్టలారేసే గాడ్జెట్ దానిదే, మూడు వానాకాలాలు ఆగింది. లాగ్ బుక్ రాయమంటే మాత్రం ఏడుపు మొహం.

గాజువాక_లెక్కల_మాస్టారు

అయితే ఆ పిల్లకి రావలసింది వచ్చేసింది. చెయ్యనీ, మానేస్తానంటే మాననీ. గోడ మీద మేకుకి క్యాలెండరు తగిలించుకోవచ్చు.

రిటైర్డ్_గార్డు

ఇక్కడ మాస్టారితో నేను ఏకీభవించను. పిల్లలు చివరి మెట్టు ముందు అలిసిపోతారు, అది సహజం. అక్కడే పెద్దవాళ్ళు కాస్త వెనక నిలబడాలి. టెస్టింగ్‌కి ముందు మానేస్తానన్న కుర్రాళ్ళని ఎందర్ని చూశానో. వెళ్ళొచ్చాక ఒక్కడూ బాధపడలేదు.

పెదవాల్తేరు_పద్మ

వెళ్ళకుండా మానేసినవాళ్ళు మీ దగ్గరికొచ్చి చెప్పరు కదండీ, బాధపడ్డారో హాయిగా ఉన్నారో.

కంచరపాలెం_కుర్రోడు

నేను మానేసినోణ్ణే, నేను సెప్తాను ఇనండి. ఇప్పటిదాకా జోకులేసుకుంటూ కూచున్నాను గానీ.

మా నాన్న పట్టుబట్టి చేర్పించాడు. యూనిఫాం కుట్టించాడు, విజిల్ కొన్నాడు. నాకేమో ఆదివారం క్రికెట్టు. ప్రథమ సోపాన్ అయ్యాక ఎనిమిదిలో మానీసాను. సర్టిఫికెట్టు, ఫ్రేము, ఏటీ లేవు. నాన్న ఏడాది పొడుగునా దెప్పాడు.

తర్వాత హుద్‌హుద్ తుఫాను వచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఊళ్ళో ఉన్నోళ్ళకి సెప్పక్కర్లేదు. సాయంత్రానికి మా సందులో ఒక్క చెట్టు నిలబడి లేదు, కరెంటు లేదు, ఫోను లేదు. మా అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోరు మామ్మగారు బాత్రూంలో జారి పడిపోనారు. తుంటి ఎముక. కదిపితే కేక. లిఫ్టు లేదు. అంబులెన్స్ ఒచ్చినా సందులోకి రాదు. అందరూ కుర్చీలో కూచోబెట్టి దింపుదాం అంటన్నారు.

నాకు ఎలగ గుర్తొచ్చిందో తెలీదు. కింద పందిరికి పాతిన గెడకర్రలు రెండు పీకీసాను. మూడు చొక్కాలు అడిగాను. చొక్కా తిరగేసి, చేతులు లోపలికి లాగి, వాటిలోంచి కర్రలు దూర్చి గుండీలు పెట్టీసాం. మధ్యలో చీర మడతపెట్టి కట్టాం, జారకుండా. మామ్మగారిని దాని మీద పడుకోబెట్టి నలుగురం దింపాం. మెయిన్ రోడ్డు దాకా కొమ్మలు దాటుకుంటూ మోసుకెళ్ళాం, అక్కణ్ణించి ఎవరిదో వ్యాను. కేజీహెచ్ ఆస్పత్రికి ఎల్లింది. బతికింది. ఇప్పటికీ నన్ను డాక్టరుబాబు అంటాది.

మా నాన్న అన్నీ చూసి ఏటన్నాడో తెలుసా? "ముడి కుదర్లేదురా, స్క్వేర్ లాషింగ్ వెయ్యాల్సింది."

ఉక్కునగరం_ఉష

చివరి లైనుకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు కుర్రోడా.

ఎన్‌సీసీ_సెయిలర్

బాసూ, ఫైరింగ్ కూడా వెనక్కి తీసుకున్నా.

రిటైర్డ్_గార్డు

నాన్నగారన్నది నిజమే. చీర కట్టిన చోట రెండు కర్రలకీ మధ్య అడ్డ కర్ర వేసి స్క్వేర్ లాషింగ్ వేస్తే కర్రలు దగ్గరకి ముడుచుకోవు. కానీ ఆ గాలిలో, ఆ చీకట్లో అంత చేశావంటే, నా ట్రూప్‌లో అయితే నీకు భుజం తట్టి చెప్పేవాణ్ణి. సర్టిఫికెట్ సంగతి వదిలెయ్.

గాజువాక_లెక్కల_మాస్టారు

వాసూ, బావగారికి చెప్పాల్సింది దొరికింది కదా. ఈ పోస్టు చూపించు.

పెదవాల్తేరు_పద్మ

చూపించడం ఎందుకండీ. రేపు ఇంకో తుఫాను రాకపోతే అప్పుడు లాభం లేనట్టేనా? ప్రతిదానికీ ఒక మామ్మగారు పడాలా? పిల్లకి కర్రలు కట్టడం ఇష్టం, కడుతోంది. బావగారికి నచ్చకపోతే ఇంకో ముద్ద ఎక్కువ వడ్డించి పంపండి.

డల్లాస్_ప్రసాద్

ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో ఇదే నా ఓటు.

వాల్తేరు_వాసు

రెండ్రోజులు రాలేదు, ఇన్ని పోస్టులా! అందరికీ థాంక్స్.

ఈ లింకు మా చెల్లికి పంపాను. ఫోన్ చేసి, "మూడు తరాలు సరే, మనుషులు మాత్రం నలుగురం, ఇకమీదట సరిగ్గా లెక్కపెట్టు" అంది. పద్మగారి ఫోన్ నంబరు కావాలట. భయంగా ఉంది.

నాన్నగారిని కూడా కదిపాను, చెల్లిని అప్పుడెందుకు పంపలేదని. టీవీ సౌండ్ పెంచారు. తర్వాత అమ్మతో ఏదో అన్నారట, అమ్మ నాకు చెప్పనంటోంది.

అమ్మాయి రాష్ట్రపతికి వెళ్తానంది, ఒక షరతు మీద. లాగ్ బుక్కు తాతయ్య దగ్గర కూర్చుని రాయదట, అత్త దగ్గర కూర్చుని రాస్తుందట. మా చెల్లి ఉండేది గోపాలపట్నంలో, ఆదివారాలు దింపి రావడం నా డ్యూటీ.

బావగారికి ఏమీ చెప్పలేదు. వచ్చే వారం సింహాచలం గిరి ప్రదక్షిణలో పిల్లల యూనిట్ మంచినీళ్ళ సేవకి వెళ్తోంది. బావగారు ఏటా 32 కిలోమీటర్లూ నడుస్తారు. ఎక్కడో ఒక చోట వీళ్ళ చేతి గ్లాసు తాగుతారు.

కంచరపాలెం_కుర్రోడు

నీళ్ళు తాగాక "దీనివల్ల లాభమేంటి బావా" అని అడగండి.

ఉక్కునగరం_ఉష

గిరి ప్రదక్షిణ రోజు నీళ్ళు ఇవ్వడం అంత తేలిక అనుకోకండి. మా అబ్బాయి కిందటేడు చేశాడు. అర్ధరాత్రి దాటాక జనం పెరుగుతారు, డ్రమ్ము నింపడం ఒక వైపు, పడేసిన గ్లాసులు ఏరడం ఒక వైపు. పిల్లలకి కాళ్ళకి మంచి చెప్పులు, జేబులో గ్లూకోజు పెట్టి పంపండి. తెల్లారి వచ్చి పడుకున్నవాడు మళ్ళీ సాయంత్రానికి లేచాడు.

పెదవాల్తేరు_పద్మ

ఇంత వాదించాక సిగ్గు విడిచి ఒకటి అడుగుతున్నాను. మా పాపకి పదకొండేళ్ళు. వాళ్ళ స్కూల్లో గైడ్ కంపెనీ లేదు. ఎలా చేర్పించాలి?

రిటైర్డ్_గార్డు

స్కూలుతో సంబంధం లేని ఓపెన్ యూనిట్లు ఉంటాయమ్మా. జిల్లా అసోసియేషన్ వాళ్ళని అడిగితే మీకు దగ్గర్లో ఏదుందో చెప్తారు. రైల్వే వాళ్ళ పిల్లలైతే డివిజన్ వాళ్ళని అడగొచ్చు. చేర్చే ముందు ఒకసారి వెళ్ళి మీటింగు చూడండి. పిల్లలు ప్యాట్రోళ్ళుగా విడిపోయి వాళ్ళలో వాళ్ళే పని చేసుకుంటుంటే మంచి యూనిట్. అందరూ వరుసగా నిలబడి ఉపన్యాసం వింటుంటే ఇంకోటి చూడండి.

పెదవాల్తేరు_పద్మ

థాంక్స్ అండీ. కెప్టెన్ ఉందో లేదో కూడా చూస్తాను.

రిటైర్డ్_గార్డు

తప్పకుండా చూడు తల్లీ. ఈ లోపు ఆదివారం పొద్దున్న ఏడింటికి శివాజీ పార్కుకి పాపని తీసుకురా, నా మనవలకి ముడులు నేర్పుతున్నాను. ఆరు ముడులు చాలు మొదలుపెట్టడానికి.

డల్లాస్_ప్రసాద్

నేను డిసెంబర్లో వస్తున్నా, నాకూ నేర్పుతారా? ఆ బెంచీ ఇప్పటికీ ఊగుతోంది.

కంచరపాలెం_కుర్రోడు

నేనూ వస్తాను గార్డు గారూ, ఆ స్క్వేర్ లాషింగ్ ఇప్పటికైనా నేర్చుకోవాలి. తాడు నేను తేనా? ఇంట్లో కొబ్బరి తాడు ఉన్నాది.

రిటైర్డ్_గార్డు

కొబ్బరి తాడు వద్దు, చేతులు కోసుకుంటాయి. నైలాన్ జారిపోతుంది. నూలు తాడు, చిటికెన వేలంత లావు, మనిషికి మూడు మీటర్లు. కొసలు విడిపోకుండా దారంతో చుట్టి తీసుకురా. కర్రలు నేను తెస్తాను.